ఆ ఫైలు మీరు చూడకండి

పిల్లలూ,

మీలో ఇద్దరు ఈ మధ్యే ఉద్యోగంలో చేరారు, ఇంకొకరికి ఆఫర్ లెటర్ వచ్చింది. చేరిన రోజున మీ చేత చాలా కాగితాల మీద సంతకాలు పెట్టిస్తారు. వాటిలో 'కోడ్ ఆఫ్ కాండక్ట్' ఒకటి. చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు, నేనూ అలాగే పెట్టాను. అందులో 'కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్' అని ఒక పేరా ఉంటుంది. పేపర్లలో దాన్ని పరస్పర విరుద్ధ ప్రయోజనాలు అని రాస్తారు. ఈ ఉత్తరం ఆ ఒక్క పేరా గురించే.

మాట బరువుగా ఉన్నా విషయం అర్థం కానిదేమీ కాదు. కంపెనీ తరఫున మీరొక నిర్ణయం తీసుకోవాలి. దానివల్ల మీకో, మీవాళ్లకో లాభమో నష్టమో ఉంది. అంతే. అలా ఉండటం తప్పు కాదు. చుట్టాలు, స్నేహితులు, పాత బాకీలు, పాత కోపాలు లేని మనిషి ఎవరుంటారు? అది దాచిపెట్టి, ఆ పని మీరే చేసినప్పుడు తప్పు మొదలవుతుంది.

నేను పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు ఒక మెషీన్ కోసం మూడు కొటేషన్లు వచ్చాయి. అందులో ఒకటి మీ అమ్మమ్మ తమ్ముడు పనిచేసే కంపెనీది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా నిజాయితీ మీద నాకు నమ్మకం ఉన్నప్పుడు చెప్పాల్సిన అవసరమేముంది అనుకున్నాను. మార్కుల షీటులో 'సర్వీసు' అనే గడి దగ్గర ఆ కంపెనీకి పెన్సిల్‌తో 8 వేశాను. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రేపు చుట్టరికం బయటపడితే ఏమనుకుంటారో అన్న టెన్షన్ పట్టుకుంది. రబ్బరుతో చెరిపి 6 వేశాను. దాని కింద పాత 8 లీలగా కనిపిస్తూనే ఉంది.

ఆర్డరు వేరేవాళ్లకు వెళ్లింది. వాళ్లిచ్చిన మెషీన్ మాటిమాటికీ ఆగిపోయి, దాని మీద పనిచేసేవాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. మావాళ్లకు మేలూ చెయ్యలేదు. అయినా కంపెనీకి అన్యాయం చేశాను. అసలు ఆ 8 సరైనదో, 6 సరైనదో నాకు ఈ రోజుకీ తెలియదు. చుట్టరికం ఉన్నచోట మన తూకం ఎటు మొగ్గుతోందో మనకే అందదు.

మరి చెప్పేస్తే చాలా? చాలదు. 2005లో డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టైన్, డాన్ మూర్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. జాడీలో ఉన్న నాణేల విలువ ఎంతో కొందరు అంచనా వెయ్యాలి. వాళ్లకు జాడీని దూరం నుంచి చూపిస్తారు. సలహా ఇచ్చేవాళ్లు మాత్రం దగ్గరగా చూడొచ్చు. అంచనా పెరిగేకొద్దీ తమకు ఎక్కువ డబ్బు ముడుతుందనేసరికి సలహాదారులు పెంచి చెప్పారు. ఆ లాభం సంగతి అవతలివాళ్లకు ముందే తెలియజేసినప్పుడు ఇంకా పెంచి చెప్పారు! విన్నవాళ్లేమో తగ్గించుకోవాల్సినంత తగ్గించుకోలేదు.

ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీలోనూ ఇలాంటి వ్యవహారం ఒకటి బోర్డుకు తెలిసే మొదలైంది. ఆ కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే ఆండ్రూ ఫాస్టో, తను నడిపే వేరే సంస్థలు ఎన్రాన్‌తో లావాదేవీలు జరిపేందుకు 1999లో అనుమతి తీసుకున్నాడు. కంపెనీ నియమావళి అడ్డొస్తే బోర్డు ఆయన కోసం దాన్ని పక్కన పెట్టింది. అమ్మేవైపూ ఆయనే, కొనేవైపూ ఆయనే. ఆ సంస్థల నుంచి ఆయనకు 3 కోట్ల డాలర్లకు పైగా ముట్టింది. 2001 డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసింది. వేలమందికి ఉద్యోగాలతోపాటు రిటైర్మెంటు కోసం దాచుకున్నదీ పోయింది. ఫాస్టో జైలుకు వెళ్లాడు. ఆ వేలమందిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

గిఫ్టులు, రెండో ఉద్యోగం సంగతులు మీ కంపెనీ రూల్స్‌లోనే ఉంటాయి, చదవండి. నాకు ఎక్కువ భయం వేరే దాని గురించి. మీరు బిల్లులు పాస్ చేసే సప్లయరే ఒకరోజు 'మా దగ్గరికి వచ్చెయ్, మంచి జీతం ఇస్తాం' అంటాడు. ఇంకా చేరలేదు కదా అనుకుంటారు. కానీ ఆ మాట చెవిన పడ్డాక అతని బిల్లును మీరు ఇదివరకటిలా చూడలేరు. ఆ రోజే పైవాళ్లకు చెప్పండి.

రాయాల్సింది రెండు వాక్యాలే: 'ఈ కంపెనీలో మా బంధువు పనిచేస్తున్నారు. ఈ ఫైలు వేరేవాళ్లకు ఇవ్వండి.' నోటితో చెప్పి ఊరుకోకండి, మెయిల్ పెట్టండి. మీ మేనేజర్ 'నీ మీద నాకు నమ్మకముంది, నువ్వే చూడు' అనొచ్చు. వినడానికి చాలా బాగుంటుంది. అయినా తీసుకోకండి, రెండోసారి అడగండి. మీటింగులో ఆ విషయం వచ్చినప్పుడు లేచి బయటికి వచ్చెయ్యండి. తిరిగి లోపలికి వెళ్లాక ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయని అడగకండి.

ప్రేమతో,
మీ తాతయ్య