గంప కింద ఎక్స్‌రే తార

2003 జనవరి 29న ఐరోపా వారి ఇంటిగ్రల్ ఉపగ్రహం కొత్త ఎక్స్‌రే మూలం ఒకటి పట్టుకుంది. పేరు ఐజీఆర్ జె16318-4848. పేరేమిటి, ఆకాశంలో దాని చిరునామాయే అది. అక్కడున్నది ఒక జంట: భారీ నీలి తార ఒకటి, దాని నుంచి వీచే వాయువును మింగుతూ ఎక్స్‌రేలు కక్కే చిన్న సాంద్ర తార ఇంకొకటి. ఈ పాఠం ఎక్కడైనా దొరుకుతుంది, వదిలేద్దాం. అసలు తమాషా దీని ముసుగులో ఉంది.

దీని నుంచి తక్కువ శక్తి ఎక్స్‌రేలు దాదాపు రావడమే లేదు. అడ్డున్న పదార్థాన్ని లెక్కగడితే చదరపు సెంటీమీటరుకు సుమారు 2 పక్కన 24 సున్నాలన్ని హైడ్రోజన్ పరమాణువులు తేలాయి. తూకం వేస్తే మూడు గ్రాములకు కాస్త పైన, అంతే!

ఎక్స్‌రేలను మింగేవి పరమాణువులు. అవి వాయువులో ఉన్నా ధూళిలో ఉన్నా ఒకటే. మామూలు వెలుగును మింగేది మాత్రం ధూళి. తారల మధ్య ఈ రెండూ ఇంచుమించు ఒకే పాళ్లలో కలిసి ఉంటాయి. ఆ లెక్కన ఈ నీలి తార వెలుగు వెయ్యి మాగ్నిట్యూడ్లు తగ్గాలి (తార వెలుగును కొలిచే మెట్లివి; ఐదు మెట్లు తగ్గితే మిగిలేది నూరో వంతు). అంటే 1 పక్కన 400 సున్నాలు పెట్టి, వెలుగును దానితో భాగించాలి. ఇక కనపడేదేముంది!

కానీ కనపడింది. ఖగోళ శాస్త్రవేత్తలు ఫిలియాత్ర్, షాటీ చిలీలోని లా సిల్లా వేధశాల నుంచి చూస్తే తగ్గుదల 17 మాగ్నిట్యూడ్ల చిల్లరే. అదీ తక్కువేం కాదు, అరవై లక్షల వంతుల్లో ఒక వంతైనా మిగలదు. అయితే 2.2 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్‌లో ధూళి దెబ్బ మాగ్నిట్యూడ్లలో సుమారు తొమ్మిదోవంతే. అక్కడ ఆరో వంతు వెలుగు దక్కుతుంది.

పొగమంచులో పక్కపక్కనే రెండు దీపాలున్నాయనుకోండి. మంచు రెంటినీ సమానంగా మసకబారుస్తుంది. ఒకటి మసగ్గా వెలుగుతూ, రెండోది ఆరినట్టే ఉంటే? రెండోదాని మీద గంప బోర్లించారన్నమాట. గంప సందుల్లోంచి కాస్త వెలుగు జారినట్టు, అధిక శక్తి ఎక్స్‌రేలు మాత్రం బయటపడతాయి. ఇంటిగ్రల్‌కు చిక్కినవి అవే. అంటే ఆ దట్టమైన వాయువు కప్పింది జంట మొత్తాన్ని కాదు, సాంద్ర తారనే.

మరి మంచు సంగతి? ఆ 17లో దారి పొడుగునా ఉన్న ధూళి వాటా తీసేసినా ఇంకా కొంత మిగులుతుంది. పది మైక్రాన్ల దగ్గర చూస్తే ఆ మిగులు తనే వెలుగుతోంది: 700 కెల్విన్లు దాటిన వెచ్చని ధూళి, జంట మొత్తం చుట్టూ. సుమారు 1500 కెల్విన్లు దాటితే ధూళి రేణువులు ఆవిరైపోతాయి. తార ఉపరితలమేమో 20,000 పైమాటే. కాబట్టి ఆ ధూళి దూరంగా, దట్టమైన వాయు చక్రం చాటున ఉండాలి.

ఇన్‌ఫ్రారెడ్ అంటే వేడి అని బళ్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అదే నమ్ముకుంటే ఇక్కడ బోల్తాపడతాం. బీఈ తారలు (చుట్టూ వాయు చక్రం ఉండే నీలి తారలు) ఉన్న ఎక్స్‌రే జంటల్లోనూ ఇన్‌ఫ్రారెడ్ లెక్కకు మించి వస్తుంది, కానీ అక్కడ ధూళి ఉండదు. తార చుట్టూ ఉన్న చక్రంలో ఎలక్ట్రాన్లు ప్రోటాన్ల పక్కనుంచి దూసుకుపోతూ దారి వంగినప్పుడు వెలువడే కాంతి అది. చక్రం కరిగిపోతే ఆ అదనపు వెలుగూ పోతుంది, జంటలోని సాంద్ర తారకు, అంటే న్యూట్రాన్ తారకు, మేత కూడా తగ్గుతుంది.