ఆసుపత్రికి రాని ఆడవాళ్ల లెక్క

కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ. మహారాష్ట్రే అయినా తెలుగు బాగా వినిపించే ఊరు. అది ఉన్న గడ్చిరోలి జిల్లాకు 1980లలో ఒక గైనకాలజిస్ట్ వచ్చి స్థిరపడ్డారు. ఆమె డాక్టర్ రాణీ బంగ్. భర్త డాక్టర్ అభయ్ బంగ్‌తో కలిసి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి తిరిగొచ్చి, ఇక్కడ 'సెర్చ్' అనే సంస్థను పెట్టారు.

అప్పట్లో ఆడవాళ్ల ఆరోగ్యం అంటే ప్రభుత్వ పథకాలకు ముఖ్యంగా రెండే: కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్. తెల్లబట్ట, నెలసరి బాధలు, గర్భసంచి జబ్బులు ఊళ్లో ఎంతమందికి ఉన్నాయంటే చెప్పేవాళ్లు లేరు. ఆసుపత్రి రిజిస్టర్ చూస్తే తెలుస్తుందిగా అనిపిస్తుంది. కానీ రిజిస్టర్లో ఉండేది వచ్చినవాళ్ల పేర్లే. సిగ్గుపడి, బస్సు చార్జీకి డబ్బుల్లేక, కూలి పోతుందని ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు అందులో కనిపించరు. జబ్బు ఎంత ఉందో తెలియాలంటే బాగున్నామనుకునే వాళ్లతో సహా ఊరంతటినీ చూడాలి.

రాణీ బంగ్ చేసింది అదే. వాసా, అమిర్జా అనే రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను అడిగి, పరీక్షించి, ల్యాబ్ టెస్టులు చేయించారు. ఆ ఫలితాలు 1989లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వచ్చాయి. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి లేదా లైంగిక వ్యాధి ఉంది. సగటున ఒక్కొక్కరికి 3.6 జబ్బులు. అందులో సగం జననాంగాల ఇన్ఫెక్షన్లే. అంతకుముందు పరీక్ష, చికిత్స పొందినవాళ్లు నూటికి 8 మంది మాత్రమే. కుటుంబ నియంత్రణ పద్ధతుల వల్లే ఈ జబ్బులన్నీ వచ్చాయా అని కూడా చూశారు. కొంత సంబంధం కనిపించింది కానీ, దానివల్ల వచ్చినవి కొద్ది భాగమే.

నన్ను ఎక్కువగా కదిలించేది ఇంకో అంకె. తమకు బాధ ఉందని చెప్పినవాళ్లు 55 శాతమే. మిగతా 45 శాతం మంది ఏ ఇబ్బందీ లేదన్నారు. అంటే ఏ బాధా లేదన్న వాళ్లలోనూ ఎక్కువమందికి జబ్బు ఉంది. వాళ్లు దాచారని అనుకోనక్కర్లేదు. క్లమీడియా లాంటి, లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్ చాలామందిలో ఏ లక్షణమూ లేకుండా లోపలే ఉంటుంది. నొప్పి తెలియకుండానే గర్భనాళాలకు చేరి, అక్కడ మచ్చలు కట్టి, దారి మూసేయగలదు. కొన్నేళ్లకు పిల్లలు పుట్టకపోతే నింద మాత్రం ఆమె మీదే పడుతుంది. ఇక పెళ్లయినప్పటి నుంచీ ఉన్న తెల్లబట్టనో నడుంనొప్పినో 'ఆడపుట్టుకకు మామూలే' అనుకునే మనిషి, డాక్టర్ అడిగినా దాన్ని జబ్బుగా చెప్పదు. అందుకే ఎవరైనా వచ్చి చెబితే చూద్దాం అని కూర్చునే వైద్యం ఇక్కడ సరిపోదు.

తర్వాత ఆలోచన మారింది. 1994లో కైరో అంతర్జాతీయ జనాభా సదస్సు జనాభా తగ్గించే లక్ష్యాల కంటే స్త్రీల పునరుత్పత్తి ఆరోగ్యాన్ని ముందుకు తెచ్చింది. మన దేశంలో 1997లో పునరుత్పత్తి, శిశు ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఊళ్లోనే శిక్షణ పొందిన ఆడవాళ్లు ఇంటికెళ్లి పసికందులను చూసే పద్ధతిని కూడా సెర్చ్ గడ్చిరోలిలో పరీక్షించింది. అక్కడ నవజాత శిశు మరణాలు బాగా తగ్గాయి. ఈరోజు ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను తూకం వేస్తోందంటే, దాని వెనక ఆ పని ఉంది. బంగ్ దంపతులకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

ఆ ఇంటికి వెళ్లినప్పుడు తల్లిని కూడా 'నీకెలా ఉందమ్మా' అని, కాన్పు సంగతి దాటి అడగాలని నా కోరిక. ఎందుకంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నామన్నవాళ్లు 1.9 శాతం. నూటికి ఇద్దరు కూడా లేరు.