ఎవరు ఎవరికి ఏమవుతారు? రిపోర్టర్ల చేతికి చుక్కలూ గీతలూ వచ్చిన కథ

ఏదైనా పెద్ద కుంభకోణం బయటపడితే పేపర్లో ఒక బొమ్మ వేస్తారు, మధ్యలో ఒక పేరు, చుట్టూ ఇరవయ్యో ముప్పయ్యో కంపెనీలు, అన్నిటి మధ్యా గీతలే గీతలు. దీని వెనకున్న పద్ధతిని సోషల్ నెట్‌వర్క్ అనాలిసిస్ అంటారు. ఆ పేరు వినగానే చాలామంది ఇదేదో ఫేస్‌బుక్, ట్విట్టర్ గొడవ అనుకుంటారు గానీ కాదు, ఫేస్‌బుక్ పుట్టడానికి 70 ఏళ్ల ముందు నుంచే ఇది ఉంది. అసలు ప్రశ్న ఒక్కటే: ఎవరు ఎవరికి ఏమవుతారు?

1932లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్‌లో ఆడపిల్లల సంస్కరణ పాఠశాల ఒకటి ఉండేది. అక్కణ్నుంచి రెండు వారాల్లో 14 మంది పిల్లలు పారిపోయారు. ఇలా ఒకరి తర్వాత ఒకరు ఎందుకు పోతున్నారో పెద్దవాళ్లకి అంతుపట్టలేదు. జేకబ్ మొరెనో అనే సైకియాట్రిస్టు, ఆయనతో కలిసి పనిచేసిన హెలెన్ జెన్నింగ్స్ అక్కడి పిల్లల్ని నువ్వు ఎవరితో కలిసి ఉండాలనుకుంటున్నావు, ఎవరితో వద్దనుకుంటున్నావు అని అడిగి, ఒక్కో అమ్మాయికి ఒక్కో గుండ్రం గీసి, ఇష్టాలకీ అయిష్టాలకీ గీతలు కలుపుకుంటూ పోయారు. పారిపోయిన పిల్లల మధ్య ఆ గీతల వెంబడే ఒక దారి కనిపించింది, అంటే పారిపోవాలన్న ఆలోచన ఆ దారినే ఒకరి నుంచి ఇంకొకరికి పాకిందని మొరెనో చెప్పాడు. ఒక్కో పిల్ల ఫైలు విడిగా తీసి ఎంత చదివినా ఈ సంగతి దొరకదు. 1933 ఏప్రిల్లో న్యూయార్క్ టైమ్స్ ఆయన పటాల గురించి రాసింది. అలా ఈ బొమ్మలు పేపర్లోకైతే ఎక్కాయి గానీ రిపోర్టర్ల పనిముట్టు అవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఈలోగా యూనివర్సిటీ వాళ్లు దీనికి లెక్కలు కట్టారు. 1973లో మార్క్ గ్రానొవెటర్, జనాలకి ఉద్యోగాల కబురు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా తెలుస్తోందని చూపించాడు. 1977లో లింటన్ ఫ్రీమన్, ఒక మనిషి మిగతావాళ్లందరి మధ్య దారుల్లో ఎన్నిసార్లు అడ్డం పడతాడో కొలిచే పద్ధతి రాశాడు. నన్నడిగితే రిపోర్టర్‌కి బాగా పనికొచ్చేది ఈ రెండోదే. ఎందుకంటే ఎక్కువ గీతలు ఉన్నవాడు ఎలాగూ పేరున్నవాడే, వాడి గురించి అందరికీ తెలుసు, అదే రెండు గుంపుల మధ్య వంతెనలా ఉండే ఒక అకౌంటెంటో లాయరో అయితే వాడికి ఉండేవి మూడో నాలుగో గీతలే, కానీ వాణ్ని తీసేస్తే అటూ ఇటూ పూర్తిగా తెగిపోతాయి, స్టోరీ తాళంచెవి చాలాసార్లు అలాంటి వాడి దగ్గరే ఉంటుంది.

అదే 1973లో ఫిలిప్ మేయర్ అనే అమెరికన్ జర్నలిస్టు, రిపోర్టర్లు కూడా సోషల్ సైంటిస్టుల్లాగా సర్వేలూ లెక్కలూ చెయ్యాలని పుస్తకం రాశాడు, డేటా జర్నలిజానికి పునాది అదే అంటారు. కాకపోతే ఆ తరం ఎక్కువగా అడిగింది ఎంత, ఎంతమంది అని. ఎవరితో అనేది మాత్రం నోట్‌బుక్కుల్లో, సీనియర్ల బుర్రల్లో ఉండిపోయింది.

దాన్ని కాగితం మీద పెట్టిన వాళ్లలో నాకు బాగా ఇష్టమైన మనిషి మార్క్ లొంబార్డి, ఆయన రిపోర్టర్ కూడా కాదు, ఆర్టిస్టు. బ్యాంకు కుంభకోణాల మీద అప్పటికే అచ్చయిన పుస్తకాలూ పేపర్లూ చదివి 14 వేలకు పైగా ఇండెక్స్ కార్డులు చేత్తో రాసుకున్నాడు. వాటి నుంచి పెద్ద పెద్ద కాగితాల మీద పెన్సిల్‌తో వంపు గీతలు, డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో, ఎవరి చేతిలో ఎవరున్నారో. రహస్యం ఒక్కటీ లేదు అందులో, అంతా అచ్చయిన విషయమే, కాకపోతే ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరు అంతే. 2000లో చనిపోయాడు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కొన్ని వారాలకే ఆయన గీసిన బీసీసీఐ (మన క్రికెట్ బోర్డు కాదు, ఆ పేరుతోనే ఉండిన ఒక అంతర్జాతీయ బ్యాంకు) బొమ్మ చూడాలని ఎఫ్‌బీఐ నుంచి న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంకి ఫోన్ వచ్చింది.

ఆ దాడుల తర్వాతే ఇంకొకటి జరిగింది. క్లీవ్‌లాండ్‌లో ఉండే వాల్డిస్ క్రెబ్స్ అనే కన్సల్టెంట్, కంపెనీల్లో ఎవరు ఎవరితో మాట్లాడతారో పటాలు గీయడం ఆయన పని, పేపర్లలో వస్తున్న వార్తలే ఏరుకుని 19 మంది హైజాకర్ల నెట్‌వర్క్ గీశాడు. కలిసి ఉన్నారా, కలిసి ట్రైనింగ్ తీసుకున్నారా, ఊరికే ఒకసారి కలిశారా, దాన్ని బట్టి గీత మందం మార్చాడు. హైజాకర్ల నాయకుడు మొహమ్మద్ అట్టా మధ్యలోకి వచ్చాడు. ఇది చూసి చాలామందికి ఉత్సాహం వచ్చింది గానీ, జరిగిపోయాక గీయడం వేరు, జరగక ముందే పసిగట్టడం వేరని క్రెబ్సే చెప్పాడు. ఆ మాట చాలామంది వదిలేశారు.

తర్వాత పదేళ్లలో టూల్స్ వచ్చేశాయి, 2001లో పెద్ద కంపెనీల బోర్డుల్లో ఎవరు ఎక్కడెక్కడ కూర్చున్నారో చూపించే దే రూల్ అనే సైటు, 2008లో ఫ్రాన్స్‌లో మొదలైన గెఫీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఇలా. కోడింగ్ రాని రిపోర్టర్ కూడా స్ప్రెడ్‌షీట్‌లో రెండు కాలమ్స్ నింపి, ఈ పేరూ ఈ కంపెనీ అని, పటం తెప్పించుకోగలిగాడు.

అసలు మలుపు 2016 ఏప్రిల్ 3న వచ్చింది, పనామా పేపర్స్. డబ్బున్నవాళ్లకి విదేశాల్లో కంపెనీలు పెట్టించే మొసాక్ ఫొన్సెకా అనే పనామా లా ఫర్మ్ నుంచి లీకైన 1.15 కోట్ల డాక్యుమెంట్లు, 2.6 టెరాబైట్లు, 2 లక్షల 14 వేలకు పైగా కంపెనీలు. జర్మన్ పేపర్ జ్యూడ్‌డాయిచ సైటుంగ్‌కి అందితే వాళ్లు ఐసీఐజే అనే జర్నలిస్టుల కూటమితో పంచుకున్నారు, 370 మందికి పైగా రిపోర్టర్లు పనిచేశారు. ఇంత సరుకుని మామూలు టేబుల్స్‌లో పెట్టి ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి దారి వెతకడం నరకం, అందుకే నియో4జే అనే గ్రాఫ్ డేటాబేస్‌లో (టేబుల్స్‌గా కాకుండా చుక్కలూ గీతలుగానే దాచేది) పోసి, లింక్యూరియస్ అనే టూల్‌తో చుక్క మీద నొక్కితే దాని చుట్టూ ఉన్న చుక్కలన్నీ విచ్చుకునేలా పెట్టారు.

కానీ ఆ చుక్కల వల్లే స్టోరీ వచ్చేసిందనుకుంటే పొరపాటు. అప్పటి ఐస్‌లాండ్ ప్రధాని సిగ్ముందుర్ సంగతే చూడండి. ఆయనకీ విన్‌ట్రిస్ అనే విదేశీ కంపెనీకీ మధ్య గీత ఉంది, సరే, అదొక్కటే నేరమేం కాదు. 2009 డిసెంబర్ 31న తన సగం వాటా భార్యకి ఒక్క డాలర్‌కి అమ్మేశాడు, అలాంటి ఆస్తుల వివరాలు బయటపెట్టాలనే కొత్త రూల్ మర్నాటి నుంచే అమల్లోకి వస్తోంది, పైగా 2008లో కూలిన ఐస్‌లాండ్ బ్యాంకుల నుంచి ఆ కంపెనీకి డబ్బులు రావాలి, ఆ బ్యాంకులకి అప్పిచ్చినవాళ్లతో బేరం తేల్చే ప్రభుత్వానికి తర్వాత ఈయనే పెద్ద అయ్యాడు. గీత మీద తేదీ వేసి చూస్తే గానీ ఇది వార్త కాలేదు. ఏప్రిల్ 5న రాజీనామా ప్రకటన వచ్చేసింది.

అందుకే ఈ పని తెలిసినవాళ్లు గీతని సాక్ష్యం అనరు, వెళ్లి అడగాల్సిన ప్రశ్న అంటారు. ఒకే పేరుతో ఇద్దరుంటే సాఫ్ట్‌వేర్ వాళ్లని ఒక్క చుక్క చేసేస్తుంది, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు, సంతకం చూసుకోకపోతే ఏ పాపం తెలియనివాడి పరువు పోతుంది. వందల కంపెనీలకి డైరెక్టర్‌గా కనిపించే మనిషి చాలాసార్లు సంతకం అద్దెకిచ్చిన ఉద్యోగి, లెక్క ప్రకారం పటం మధ్యలో వాడే ఉంటాడు, అసలు యజమాని అంచున ఒక్క గీతతో నిశ్శబ్దంగా ఉంటాడు. లీక్‌లో లేని మనిషి పటంలోనూ ఉండడు. ఐసీఐజే కూడా తన పబ్లిక్ డేటాబేస్‌లో, ఇందులో పేరున్నంత మాత్రాన చట్టం తప్పారని మా ఉద్దేశం కాదని రాసే పెట్టింది.

ఇప్పుడు కష్టం డేటా దగ్గరే వస్తోంది. 2019లో ఫేస్‌బుక్, ఎవరికి ఎవరితో సంబంధం ఉందో వెతకనిచ్చే గ్రాఫ్ సెర్చ్ దారులు మూసేసింది, 2023లో ట్విట్టర్ తన డేటాకి భారీగా రేటు పెట్టింది, 2024 ఆగస్టులో ఫేస్‌బుక్ యజమాని మెటా, ఏ పోస్టు ఎంత పాకుతోందో చూపించే క్రౌడ్‌టాంగిల్ అనే టూల్‌ని ఆపేసింది. సోషల్ మీడియాలో ఎవరు ఎవరి పోస్టుని ఒకేసారి తోస్తున్నారో పట్టుకునే పని దీంతో బాగా దెబ్బతింది.

కంపెనీ రిజిస్టర్ల కథా అంతే. లక్సెంబర్గ్ 2019లో అసలు యజమానుల రిజిస్టర్ తెరిచింది కానీ కంపెనీ పేరుతో మాత్రమే వెతకనిచ్చింది, మనిషి పేరు కొట్టి వాడికి ఎన్ని కంపెనీలున్నాయో చూడ్డం కుదరదు. ఫ్రెంచ్ పేపర్ లె మోండ్ వాళ్లు ఆ పేజీలన్నీ ప్రోగ్రామ్‌తో దించుకుని, గీతల్ని అటు నుంచి ఇటు తిప్పి, మనిషి పేరుతో వెతికేలా కట్టుకున్నారు, 2021 ఫిబ్రవరిలో ఓపెన్‌లక్స్ పేరుతో వచ్చిన స్టోరీలన్నీ దాంట్లోంచే. 2022 నవంబర్ 22న యూరప్ అత్యున్నత కోర్టు అలా అందరికీ తెరిచి పెట్టడం చెల్లదంది. లక్సెంబర్గ్ ఆ రోజే రిజిస్టర్ మూసేసింది, కొన్ని వారాల తర్వాత జర్నలిస్టులకి మాత్రం మళ్లీ తెరిచింది.