మబ్బు బొమ్మ వెనక గాలి దిక్కు

గాలిమర నడిపేవాడికి ఆకాశం చూడటం రావాలి. గాలి ఎటు మళ్లితే రెక్కల్ని అటు తిప్పాలి, ఈదురుగాలిని ముందే పసిగట్టకపోతే రెక్కలు విరుగుతాయి. ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో 1776లో పుట్టిన జాన్ కానిస్టబుల్ కుర్రతనంలో నేర్చుకున్నది ఈ పనే. తండ్రికి మరలు, ధాన్యం వ్యాపారం ఉండేవి. అవి వదిలేసి 1799లో లండన్ వెళ్లి రాయల్ అకాడమీలో చిత్రకళ విద్యార్థిగా చేరాడు.

పేరు అంత తేలిగ్గా రాలేదు. అప్పట్లో పురాణ, చరిత్ర ఘట్టాలదే పెద్దపీట. పొలాలు, కాలవలు గీసేవాణ్ణి పట్టించుకునేవాళ్లు తక్కువ. గడ్డిబండి వాగు దాటే ఆయన ప్రసిద్ధ చిత్రం 1821లో లండన్ ప్రదర్శనలో అమ్ముడుపోలేదు. అదే చిత్రానికి 1824లో పారిస్‌లో బంగారు పతకం దక్కింది! అకాడమీ పూర్తి సభ్యత్వం 52 ఏళ్లకు గానీ రాలేదు, అదీ భార్య మరియా క్షయతో పోయిన కొన్ని నెలలకు.

నన్నడిగితే ఆ పెద్ద చిత్రాలకన్నా లండన్ శివారులోని హాంప్‌స్టెడ్ గుట్ట మీద 1821, 22లో గీసిన చిన్న మబ్బు బొమ్మలే ఎక్కువ ముచ్చటగా ఉంటాయి. చాలావాటిలో నేల కూడా కనిపించదు. మబ్బు నిమిషాల్లో రూపు మారుస్తుంది కాబట్టి కాగితం మీద నూనె రంగులతో గబగబా వేసేవాడు. కొన్నింటి వెనక తేదీ, వేళ, గాలి దిక్కు రాసిపెట్టాడు.

మేఘాలకు క్యుములస్ (దూదిమేఘం), సిర్రస్ (ఈకల్లాంటి పలచని మబ్బు), స్ట్రాటస్ (పొరలా పరుచుకునే మబ్బు) అని వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవర్డ్ పేర్లు పెట్టింది 1802లోనే. ఆ వర్గీకరణను వివరించిన థామస్ ఫార్‌స్టర్ పుస్తకాన్ని కానిస్టబుల్ చదివి, అంచుల్లో తన అభిప్రాయాలు రాసుకున్నాడు. దూదిమేఘం అడుగు చదునుగా ఎందుకుంటుంది? వేడెక్కిన నేల నుంచి లేచిన గాలి పైకిపోయే కొద్దీ చల్లబడి, ఒక ఎత్తులో దానిలోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలవుతుంది. చుట్టుపక్కల మబ్బులన్నిటికీ ఆ ఎత్తు దాదాపు ఒకటే. మందమైన మబ్బు ఎండను పైనే చెదరగొట్టేస్తుంది, అందుకే అడుగు నల్లబడుతుంది.

1836లో, చనిపోవడానికి ఏడాది ముందు, ఒక ఉపన్యాసంలో చిత్రకళ ఒక శాస్త్రమనీ చిత్రాలు దాని ప్రయోగాలనీ అన్నాడు. కాస్త అతిశయమే, స్టూడియోలో మబ్బుల్ని తనకు కావలసినట్టు సర్దుకునేవాడు మరి. హాంప్‌స్టెడ్ బొమ్మల సంగతి వేరు. వాతావరణ శాస్త్రవేత్త జాన్ థోర్న్స్ వాటిని ఆనాటి వాతావరణ రికార్డులతో పోల్చి, తేదీ లేని కొన్ని బొమ్మలు ఏ రోజువో అంచనా కట్టారు.