అపోహలు - వాస్తవాలు: "సర్కారు తలుచుకుంటే కోర్టేం జేస్తది?"

నల్లగొండలో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని. ఎవరినైనా పోలీసులు తీసుకుపోయారని ఇంటివాళ్లు మా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇదే మాట వింటాను: "సారూ, పైనోళ్లు గట్టిగ పట్టుకుంటే కోర్టు మాత్రం ఏం జేస్తది? పిటిషన్ ఏసి వాళ్ల కండ్లల్ల పడుడెందుకు?" అడిగేది నిద్ర లేని తల్లో, అన్నో. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ మాట చెప్పి వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టే ఊరి పెద్దమనుషుల మీదే నా కోపం. వాళ్ల దగ్గర సాక్ష్యం కూడా రెడీగా ఉంటుంది: "ఎమర్జెన్సీల సుప్రీంకోర్టే చేతులెత్తేసింది!"

అపోహ: ఓడిపోయే పిటిషన్ వేసి లాభం లేదు.

జనాన్ని అన్నిటికన్నా ఎక్కువ ముంచుతున్నది ఇదే.

ఎమర్జెన్సీ సంగతి నిజమే. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో అయిదుగురు జడ్జీల్లో నలుగురు, మీసా (విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) కింద లోపల వేసినవాళ్లకు హెబియస్ కార్పస్ (పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్) అడిగే హక్కే లేదన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1977 జనవరిలో ఆయన్ను దాటేసి, ఆయనకన్నా జూనియర్ అయిన బేగ్‌ను చీఫ్ జస్టిస్‌ను చేశారు. ఖన్నా రాజీనామా చేశారు. పెద్దమనుషుల కథ ఇక్కడితో ఆగిపోతుంది. అంతకుముందు పలు హైకోర్టులు ఆ పిటిషన్లు వినొచ్చనే తీర్పు ఇచ్చిన సంగతి వాళ్లు చెప్పరు. 1978లో రాజ్యాంగానికి 44వ సవరణ వచ్చి, ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణల హక్కులను (ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇందులోవే) ఆపడానికి వీల్లేకుండా చేసింది. 2017లో తొమ్మిది మంది జడ్జీల బెంచి గోప్యత హక్కు కేసులో జబల్‌పూర్ తీర్పును కొట్టేసింది. జైల్లో ఉన్నవాళ్ల తరఫున ఆ రోజు ఎవరూ పిటిషన్ వేయకపోతే ఖన్నా అసమ్మతి తీర్పు రాయడానికి కేసే ఉండేది కాదు.

మన దగ్గరి సంగతే చూడండి. పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో మిలిటరీ ప్రభుత్వం ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టింది. తెలంగాణ సాయుధ పోరాట కేసుల్లో 12 మందికి 1949లో ఉరిశిక్ష పడింది. వాళ్ల తరఫున వాదించడానికి ఇంగ్లండ్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే లాయర్ వచ్చాడు. సుప్రీంకోర్టులో ఒకసారి 1950 డిసెంబర్‌లో, మళ్లీ 1951 మార్చిలో ఓడిపోయారు. కానీ ఆ వాదనలు నడిచినన్నాళ్లూ ఉరి ఆగింది, బయట ఉద్యమం పెరిగింది, చివరికి ఉరి యావజ్జీవంగా మారింది. రెండుసార్లు ఓడిన కేసులో మనుషులు బతికారు.

ఇక ఈ రోజుల్లో ఆగడం వల్ల ఏం పోతుందో చెబుతాను. దేవరకొండ వైపు ఒక తండా నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకును రాత్రిపూట ఇంట్లోంచి తీసుకుపోయారు. చుట్టాలు "ఆగు, మాట్లాడి ఇడిపిద్దాం" అన్నారు. అలా ఆగీ ఆగీ ఆమె నా దగ్గరికి వచ్చేసరికి పిల్లవాణ్ని మేజిస్ట్రేట్ ముందు పెట్టేశారు. రిమాండ్ రిపోర్టులో ముందురోజు బస్టాండ్ దగ్గర అరెస్టు చేసినట్టు ఉంది. "అమ్మా, ఆ రాత్రి ఎవరికన్నా ఫోన్ చేశావా? ఒక్క కాగితమన్నా పంపావా?" అని అడిగాను. "మంచిగ చెప్తే ఇడుస్తరన్నరు సారూ" అంది. మధ్యలో పోయిన రోజులకు ఎక్కడా ఆధారం లేదు. ఒకసారి రిమాండ్ అయ్యాక హైకోర్టులో హెబియస్ కార్పస్ సాధారణంగా నిలవదు, ఇక బెయిల్ కోసం తిరగాల్సిందే. అందుకే మొదటి గంటలు అంత ముఖ్యం.

మా సీనియర్లు ఇలాంటప్పుడు అన్నం తింటూ లేచి పోయి టెలిగ్రాం కొట్టేవారు. ఎస్పీకి ఒకటి, హైకోర్టుకు ఒకటి. 2013లో టెలిగ్రాం పోయింది. ఇప్పుడు 100కి ఫోన్ చేయండి, ఎస్పీ ఆఫీసుకు మెయిల్ పెట్టండి, తెల్లారగానే స్పీడ్ పోస్టు చేయండి. ఎవరిని, ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి, ఏ బండిలో తీసుకుపోయారు, చూసినవాళ్లెవరు: ఇంతే రాయండి. కోపం, తిట్లు వద్దు.

కేరళలో ఈచర వారియర్ అనే తండ్రి ఇదే చేశాడు. 1976 మార్చిలో ఆయన కొడుకు రాజన్‌ను ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ నుంచి పోలీసులు పట్టుకుపోయారు. ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లూ ఆయన అర్జీలు పెడుతూనే ఉన్నాడు. ఎమర్జెన్సీ ఎత్తేయగానే, 1977 మార్చిలో హైకోర్టుకు పోయాడు. కొడుకు బతికి రాలేదు. కానీ మేం అరెస్టే చేయలేదన్న ప్రభుత్వ వాదనను కోర్టు నమ్మలేదు, ముఖ్యమంత్రి కరుణాకరన్ పదవి వదులుకోవాల్సి వచ్చింది.

అపోహ: 24 గంటలు దాటాకే అడగాలి.

కాదు. అరెస్టు చేసినవాణ్ని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న గడువు పోలీసులకు, మీకు కాదు. అరెస్టు మెమోలో (అరెస్టప్పుడు పోలీసులు రాసే కాగితంలో) తేదీ, టైం ఉండాలని, ఇంటివాళ్లో ఊళ్లో పేరున్నవాళ్లో సాక్షి సంతకం పెట్టాలని డి.కె. బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. టైం చదవకుండా సంతకం పెట్టకండి.

అపోహ: జడ్జి కూడా సర్కారు జీతగాడే, వాళ్లు చెప్పినట్టే చేస్తాడు.

జిల్లా జడ్జీల బదిలీలు రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం హైకోర్టు చేతిలో ఉంటాయి, కలెక్టర్ చేతిలోనో మంత్రి చేతిలోనో కాదు. ఒత్తిడి ఉండదని మాత్రం నేననను. 1976లో ఒకేసారి 16 మంది హైకోర్టు జడ్జీలను బదిలీ చేశారు. అందులో జస్టిస్ సంకల్‌చంద్ సేఠ్‌ను గుజరాత్ నుంచి మన హైదరాబాద్‌కే పంపారు. ఆయన ఊరుకోలేదు. ఎమర్జెన్సీ నడుస్తుండగానే తన బదిలీ మీద తానే కోర్టుకెక్కారు, గుజరాత్ హైకోర్టులో గెలిచారు. జడ్జి అయ్యుండి కూడా ఆయన చేసింది పిటిషన్ వేయడమే.

అపోహ: లాయర్‌కు పైసల్లేకుంటే అంతే.

కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆదాయం ఎంతైనా, ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. పొద్దు గూకింది, రేపు పోదాంలే అనుకోకండి. ఫోన్ ఈ రాత్రే చేయండి.