గిటారుకు తగిన ఆసనం: నడుము కోరేది, వాద్యం కోరేది

గిటారు కొనేముందు చెక్క రకం గురించీ, తీగల గురించీ, శ్రుతి నిలకడ గురించీ ఎంతగానో విచారించేవారు కూడా, దాన్ని దేనిమీద కూర్చుని వాయించాలన్న సంగతి గురించి చాలా అరుదుగా ఆలోచిస్తారు. ఇంట్లో ఏది ఖాళీగా ఉంటే అది, అంటే సోఫానో మంచం అంచో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీయో, ఆసనమైపోతుంది. కొన్ని నెలలకు నడుము నొప్పి, ఎడమ భుజం బిగుసుకోవడం, మణికట్టులో తిమ్మిరి మొదలైతే లోపం సాధనలో ఉందనుకుంటారు. ఆసనం ఎంపిక నిజంగానే చిక్కైన విషయం. కూర్చున్నప్పుడు నడుముకు హాయినిచ్చే ఎత్తూ, గిటారు ఒడిలో కదలకుండా నిలిచే ఎత్తూ ఒకటి కావు.

నిలబడినప్పుడు నడుము దగ్గర వెన్నెముక పొట్ట వైపుకు కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. కూర్చోవడానికి తొడలను 90 డిగ్రీల మేర మడిచినప్పుడు, ఆ మడత అంతా తుంటి కీలులోనే జరుగుతుందని అనుకుంటాం. వాస్తవానికి అందులో సుమారు మూడింట రెండు వంతులే తుంటి కీలు సమకూరుస్తుంది. మిగిలినది కటి ఎముకలు వెనక్కి ఒరగడం వల్లా, దానితోపాటు నడుము వంపు చదునవడం వల్లా వస్తుంది. తొడ వెనుక కండరాలు పిరుదుల ఎముకలకే అతుక్కుని ఉంటాయి కాబట్టి, అవి బిగుతుగా ఉన్నవారిలో, ముఖ్యంగా కాళ్ళు ముందుకు చాచి కూర్చున్నప్పుడు, ఈ ఒరుగు మరింత పెరుగుతుంది. అమెరికాకు చెందిన వైద్యుడు జె. జె. కీగన్ 1953లో ప్రచురించిన ఎక్స్‌రే పరిశీలనల్లో, మొండేనికీ తొడకూ మధ్య కోణం 135 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నడుము తన సహజమైన వంపుకు చేరువగా ఉంటుందని చూపారు. పిరుదులు మోకాళ్ళ కన్నా ఎత్తులో ఉండడం వెన్నెముకకు మేలు చేస్తుందన్న మాట.

నడుము మీద పడే భారాన్ని సూటిగా కొలిచినవారూ ఉన్నారు. స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులోకి సూది పంపి లోపలి పీడనాన్ని కొలిచి, ఆనుడు లేకుండా కూర్చోవడం నిలబడడం కన్నా ఎక్కువ భారమని తేల్చారు. 1999లో జర్మనీలోని ఊల్మ్ విశ్వవిద్యాలయంలో విల్కె అనే పరిశోధకుడి బృందం ఒక వ్యక్తి నడుము డిస్కులో పీడన సాధనం అమర్చి చూసినప్పుడు ఫలితం కొంత వేరుగా వచ్చింది: నిలబడితే సుమారు 0.5, సడలి కూర్చుంటే 0.46, కూర్చుని పూర్తిగా ముందుకు వంగితే 0.83 మెగాపాస్కల్ (పీడనానికి కొలమానం). ఒక్క మనిషిలో తీసిన కొలతలు కనుక ఈ అంకెలను అందరికీ యథాతథంగా అన్వయించలేం. అయినా, కూర్చోవడం కన్నా కూర్చుని వంగడమే డిస్కుకు భారమన్న విషయం గిటారు నేర్చుకునేవారు గట్టిగా పట్టించుకోవలసినది, ఎందుకంటే వేళ్ళు ఏ ఫ్రెట్ (తీగల కింద అడ్డంగా ఉండే మెట్టు) మీద ఉన్నాయో చూసుకోవడానికి వాద్యం మీదికి వంగిపోవడం వారిలో దాదాపు అందరికీ ఉండే అలవాటు.

ఇక వాద్యం సంగతి. క్లాసికల్ గిటారు సుమారు కిలోన్నర, పెద్ద అకూస్టిక్ గిటారు రెండు కిలోలు, గట్టి చెక్కతో చేసే లెస్ పాల్ తరహా ఎలక్ట్రిక్ గిటారు నాలుగు కిలోల దాకా తూగుతాయి. నడుము కోసం ఆసనాన్ని ఎత్తు చేస్తే తొడ మోకాలి వైపుకు వాలుతుంది. తొడ 15 డిగ్రీలు వాలితే, నాలుగు కిలోల గిటారును దాదాపు ఒక కిలో బరువుకు సమానమైన బలం మోకాలి వైపు లాగుతూ ఉంటుంది. ఆ లాగుడును బట్టల రాపిడి కొంత ఆపుతుంది. అది చాలనప్పుడు కుడి ముంజేయి గిటారును ఒంటికేసి అదుముతుంది, ఎడమచేయి గిటారు మెడను, అంటే తీగలు నొక్కే పొడవాటి భాగాన్ని, పట్టుకుని మోస్తుంది. తీగలను నొక్కడానికి స్వేచ్ఛగా ఉండవలసిన చేయి మోత పనిలో పడినప్పుడు బొటనవేలు బిగుసుకుంటుంది, మణికట్టు లోపలికి వంగుతుంది. మణికట్టు వంగినకొద్దీ అందులోని నాడి సాగే ఇరుకు మార్గంలో పీడనం పెరుగుతుంది. తిమ్మిరికి మూలం చాలాసార్లు అదే.

ఈ వైరుధ్యాన్ని వాదకులు ఎప్పుడో గుర్తించారు. స్పెయిన్‌కు చెందిన దియోనీసియో అగ్వాదో (1784–1849) గిటారు బరువు శరీరం మీద పడకుండా మూడు కాళ్ళ స్టాండు ఒకటి రూపొందించారు. ఆ తరువాతి కాలంలో ఫ్రాన్సిస్కో తర్రేగా (1852–1909) పేరుతో ముడిపడి, ఎడమ పాదాన్ని చిన్న పీట మీద ఉంచి గిటారును ఎడమ తొడపై నిలిపే పద్ధతి స్థిరపడింది. అందులో వాద్యం చక్కగా నిలుస్తుంది, మెడ పైకి లేచి మణికట్టు తిన్నగా ఉంటుంది. కానీ ఒక తొడ పైకి లేవడంతో కటి ఒక పక్కకు మెలిపడి, గంటల తరబడి సాధన చేసేవారి నడుము ఆ మూల్యం చెల్లిస్తుంది. స్పెయిన్ సంప్రదాయ సంగీతమైన ఫ్లమెంకో వాదకుడు పాకో దె లూసియా కుడికాలిని ఎడమకాలి మీద వేసుకుని వాయించేవారు. అది చూడడానికి ఎంతో సులువుగా కనిపిస్తుంది, కానీ కాలు మీద కాలు చాలాసేపు ఉంచితే మోకాలి పక్కగా వెళ్ళే నాడి నొక్కుకుని పాదం మొద్దుబారుతుంది. మన వీణ ఈ సమస్యను మరో తీరుగా పరిష్కరించింది: బాసింపట్టు వేసుకున్న వైణికుల పక్కన కుండ నేల మీదే ఆనుతుంది కాబట్టి, బరువులో అధిక భాగాన్ని నేలే మోస్తుంది. గిటారు ఆకారం అందుకు అనుకూలించదు. బ్రిజ్ భూషణ్ కాబ్రా లాంటి హిందుస్తానీ కళాకారులు నేల మీద కూర్చున్నా, దాన్ని ఒడిలో వెల్లకిలా పరిచి తీగల మీద కడ్డీ జార్చి వాయించారు.

నా అభిప్రాయంలో ఇందుకు సరైన దారి రెండు పనులనూ విడదీయడమే. ఆసనాన్ని నడుము కోసం ఎంచుకోవాలి, గిటారును నిలిపే బాధ్యతను వేరే సాధనానికి అప్పగించాలి. తొడకూ గిటారుకూ మధ్య పెట్టే మెత్తటి దిండు, గిటారు పక్కకు అతుక్కునే ఊతం, లేదా కూర్చున్నప్పుడు కూడా భుజానికి తగిలించుకునే పట్టీ, వీటిలో ఏదైనా ఆ పని చేస్తుంది. పట్టీలో మరో సౌలభ్యం ఉంది: కూర్చున్నా నిలబడ్డా గిటారు ఒకే ఎత్తులో ఉండేలా సరిచేసుకుంటే, ఇంట్లో సాధించినది వేదిక మీద చేతికి కొత్తగా అనిపించదు. ఇలా ఏర్పాటు చేసుకున్నాక రెండు పాదాలూ నేల మీద సమంగా ఆనుతాయి, కటి మెలిపడదు.

ఆసనం ఎత్తును కొలవడం కష్టం కాదు. సాధన చేసేటప్పుడు వేసుకునే చెప్పులతోనే, లేదా వట్టి కాళ్ళతోనే కూర్చుని, నేల నుంచి మోకాలి మడత కింది భాగం దాకా కొలవాలి. ఆసనం దానికన్నా రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటే చాలు. ఈ కొలత కూర్చున్నాక స్పాంజి అణగిన తరువాతి ఎత్తుకు వర్తిస్తుంది, దుకాణంలో చీటీ మీద రాసి ఉన్న ఎత్తుకు కాదు. బజారులో దొరికే కుర్చీలు సాధారణంగా 45 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. పొట్టివారికి అది ఎక్కువై పాదాలు తేలిపోతాయి, ఆరడుగులవారికి తక్కువై మోకాళ్ళు పైకి లేస్తాయి. అందుకే డ్రమ్ములు వాయించేవారు వాడే, ఎత్తు మార్చుకోగల గుండ్రటి స్టూలును గిటారు వాదకులకు కూడా నేను ముందుగా సూచిస్తాను. దానికి చేతులు ఉండవు, చక్రాలు ఉండవు, అంచు తొడ కింద కోసుకోదు. చేతులున్న కుర్చీ గిటారు అడుగు భాగాన్నీ కుడి మోచేతినీ అడ్డుకుంటుంది. సోఫా, పరుపు అంచు పిరుదులను లోపలికి దించి మోకాళ్ళను పైకి లేపుతాయి కాబట్టి గిటారు స్థిరంగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ నడుము మాత్రం పూర్తిగా వంగిపోతుంది. అలాంటి ఆసనాలు వాయించేవారిని ఇట్టే మోసం చేస్తాయి.

పిల్లల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. పెద్దల కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న పిల్లవాడు వాద్యాన్ని ఆపుకోవడానికి ఒళ్ళంతా బిగబట్టుకుంటాడు. పాదాల కింద వంటింటి పీటనో వెడల్పాటి చెక్కనో వేసి, సగం లేదా ముప్పావు కొలత గిటారు చేతికిస్తే ఆ బిగువు చాలావరకు తగ్గుతుంది. ఎంత మంచి ఆసనమైనా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలన్న నియమం పిల్లలకూ పెద్దలకూ సమానమే, ఎందుకంటే పెద్దల డిస్కుల్లో రక్తనాళాలు దాదాపు ఉండవు, వాటికి పోషకాలు చుట్టుపక్కల కణజాలం నుంచి మెల్లగా ఊరుతూ అందవలసిందే, ఆ ప్రక్రియకు కదలిక తోడ్పడుతుంది. కొనేముందు దుకాణానికి గిటారు వెంట తీసుకెళ్ళి, ఆసనం మీద పావుగంట వాయించి, ఆ తరువాత ఎడమచేతిని మెడ మీద నుంచి పూర్తిగా తీసి చూడండి. గిటారు ఉన్నచోటే ఉండి, నడుము నిటారుగానే ఉండి, రెండు పాదాలూ నేలను తాకుతూ ఉంటే ఆ ఆసనం మీకు సరిపోయినట్టే.