ఫోన్ లాక్కుంటే గేమ్ మానేస్తాడా? ఇంట్లో హింస, గేమింగ్ వ్యసనం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘‘అన్నిటికీ మూలం ఆ గేమే. నాలుగు తగిలించి ఫోన్ లాక్కుంటే దారికొస్తాడు.’’

కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినపడే మాట ఇది. పిల్లల్ని ఎక్కువగా ముంచేది కూడా ఇదే, అందుకే దీని గురించే వివరంగా చెబుతాను.

తనను కొట్టే ఇంట్లో, అమ్మను కొడుతుంటే చూస్తూ పెరిగే ఇంట్లో పిల్లవాడికి ఒళ్లంతా చెవులే. తలుపు ఎలా తీశారు, గొంతు ఎంత లేచింది అన్నదాన్ని బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో లెక్కేసుకుంటాడు. నిన్న నవ్వి ఊరుకున్న తప్పుకే ఇవాళ బెల్టు తీస్తారు. గేమ్‌లో అలా కాదు. రూల్స్ రోజూ ఒకటే. ఓడినా ఇంకో మ్యాచ్ ఉంటుంది, బాగా ఆడితే మెచ్చుకునే టీమ్ ఉంటుంది. హెడ్‌సెట్ పెట్టుకుంటే పక్క గదిలో అరుపులు వినపడవు. కొందరైతే ఒక చెవి ఖాళీగా ఉంచుకుని ఆడతారు, అమ్మ పిలిస్తే వినపడాలని.

అలాంటివాడిని గేమ్ కోసం కొడితే, దేనికి భయపడి అందులో దూరాడో దాన్నే ఇంకాస్త పెంచినట్టు. ఫోన్ చేతికి రాగానే అర్ధరాత్రి దొంగచాటుగా మరింత ఆడతాడు. పైగా ‘నువ్వే ఫోన్ ఇచ్చి చెడగొట్టావు’ అంటూ దెబ్బలు తల్లికీ పడతాయి. తన వల్లే అమ్మ దెబ్బలు తిందని పిల్లవాడు కుమిలిపోతాడు. ఆ బాధ మరవడానికి మళ్లీ గేమే.

వ్యసనం ఉన్న ప్రతి ఇంట్లో హింస ఉందని కాదు. డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య), ఒంటరితనం కారణం కావచ్చు. ర్యాంకులు, రోజువారీ రివార్డులతో గేమ్ తయారైన తీరూ కావచ్చు. తేల్చుకోవడానికి రెండు వారాలు గమనించండి: ఆట ఎన్నింటికి మొదలైంది, ఎప్పుడు ఆపాడు, అంతకు ముందు గంటలో ఇంట్లో ఏం జరిగింది. గొడవ జరిగిన రాత్రుల్లోనే ఆట పెరుగుతుంటే మందు వేయాల్సింది ఎక్కడో తెలిసినట్టే. కొట్టే మనిషి చేతికి చిక్కే చోట మాత్రం ఇవేవీ రాసిపెట్టకండి.

ముందు హింస ఆగాలి, స్క్రీన్ టైమ్ సంగతి ఆ తర్వాత. కౌన్సెలర్ పిల్లవాడితో విడిగా మాట్లాడాలి. కొట్టే వ్యక్తి ఎదుట అడిగితే ‘ఏమీ లేదు’ అనే అంటాడు, నిజం చెబితే ఇంటికెళ్లాక దెబ్బలు తింటాడు. హింస నడుస్తుండగా అందరినీ కలిపి కూర్చోబెట్టే ఫ్యామిలీ కౌన్సెలింగ్ వద్దనేది కూడా ఇందుకే. గొడవ మొదలైతే మధ్యలోకి వెళ్లొద్దని, వంటగదిలోకి అసలు వెళ్లొద్దని (అక్కడ కత్తులుంటాయి), బయటికి దారి ఉన్న గదిలోకి వెళ్లి ఎవరికి ఫోన్ చేయాలో పిల్లవాడికి ముందే చెప్పి ఉంచాలి. గమనించారా, దీనికీ వాడి చేతిలో ఫోన్ ఉండాలి.

ఇల్లు కుదుటపడ్డాక ఆట తగ్గించడం మొదలుపెట్టండి. ఆన్‌లైన్ మ్యాచ్‌కు సాధారణంగా పాజ్ ఉండదు. మధ్యలో వైఫై ఆపేస్తే టీమ్ ఓడిపోవచ్చు, కొన్ని గేమ్‌లలో వాడికి పెనాల్టీ కూడా పడుతుంది, మీతో తగువు ఖాయం. ‘ఈ మ్యాచ్‌తో ఆపు’ అని మ్యాచ్ మొదలయ్యే ముందే చెప్పండి. వారానికి ఓ అరగంట చొప్పున తగ్గించుకుంటూ రండి. ఛార్జర్ పడకగది బయట పెట్టండి. మొదటి రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, కంగారుపడి పాత పద్ధతికి వెళ్లొద్దు.

అపోహ: ‘‘మేము కొట్టుకోం, మాటలే కదా.’’
బెదిరింపులు, వస్తువులు పగలగొట్టడం కూడా హింసే. పిల్లల మీద చెయ్యి పడకపోయినా వాళ్లను దెబ్బతీయడానికి చూడటం, వినడమే చాలు.

అపోహ: ‘‘రోజుకు నాలుగు గంటలు ఆడితే వ్యసనమే.’’
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణ పట్టిక ఐసీడీ-11లో గంటల లెక్క లేదు. అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, వ్యసనం అనాలంటే ఇవన్నీ సాధారణంగా 12 నెలలు కొనసాగాలి. పరిస్థితి తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగక్కర్లేదు.

అపోహ: ‘‘షూటింగ్ గేమ్‌లు ఆడేవాళ్లు హంతకులవుతారు.’’
ఇలాంటి ఫార్వర్డ్‌లు పంపడం దయచేసి మానండి. ఫోన్ లాక్కునేటప్పుడు పిల్లవాడు తిరగబడటం మాత్రం జరుగుతుంది. పెనుగులాడకండి, ఫోన్ వదిలేసి పక్కకు జరగండి, చిన్నపిల్లల్ని దూరంగా తీసుకెళ్లండి. మాటలు మర్నాడు, కోపం చల్లారాక. అమ్మ మీద చెయ్యెత్తడం తప్పేనని అప్పుడు స్పష్టంగా చెప్పండి.

అపోహ: ‘‘గేమ్‌లో పరిచయాలన్నీ ప్రమాదమే, అకౌంట్ తీసేయాలి.’’
ఫొటోలు, డబ్బు అడిగేవాళ్లను, ‘ఇంట్లో చెప్పకు’ అనేవాళ్లను స్క్రీన్‌షాట్ తీసుకుని బ్లాక్ చేయించండి. అయితే అకౌంట్ తీసేసే ముందు అందులో ఎవరితో మాట్లాడుతున్నాడో అడగండి. ఇంట్లో జరిగేది వాడు చెప్పుకున్న ఒకే ఒక్క మనిషి ఆ టీమ్‌లో ఉండొచ్చు.